లోలకం రాకముందే సెకన్లు లెక్కపెట్టిన గడియారం: యోస్ట్ బ్యూర్గీ పనితనం

1586 ఏప్రిల్‌లో జర్మనీలోని హెస్సె-కాసెల్ పాలకుడు నాలుగో విల్హెల్మ్, డెన్మార్క్‌లో ఉన్న ఖగోళ శాస్త్రజ్ఞుడు టైకో బ్రాహేకి ఒక ఉత్తరం రాశాడు. తన కొలువులోని గడియారాల పనివాడు చేసిన కొత్త గడియారం గంటలు, నిమిషాలే కాక సెకన్లు కూడా చూపుతుందనీ, ఒక మధ్యాహ్నం నుంచి మరుసటి మధ్యాహ్నానికి అందులో నిమిషం తేడా రావడం కూడా కష్టమేననీ అందులో చెప్పాడు. ఆ పనివాణ్ణి రెండో ఆర్కిమెడీస్ అనదగ్గవాడని మెచ్చుకున్నాడు. ఆ పనివాడు స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన యోస్ట్ బ్యూర్గీ. అప్పటికి అతనికి 34 ఏళ్ళు.

రోజుకు నిమిషం తేడా అంటే ఇవాళ ఎవరికీ గొప్పగా అనిపించదు. కానీ ఆ కాలంలో మంచి గడియారం కూడా రోజుకు పావుగంట అటో ఇటో పోయేది. చాలావాటికి నిమిషాల ముల్లే ఉండేది కాదు, ఉన్నా దాన్ని నమ్మడానికి లేదు. క్రిస్టియాన్ హైగెన్స్ లోలకంతో గడియారం నడిపింది 1656లో, అంటే ఆ ఉత్తరానికి 70 ఏళ్ళ తర్వాత. లోలకమూ లేక, బాలెన్స్ చక్రానికి సన్నని స్ప్రింగూ లేక బ్యూర్గీ అంత కచ్చితత్వం ఎలా సాధించాడు? క్రాస్-బీట్ ఎస్కేప్‌మెంట్ (చక్రాలను ఒక్కో పన్ను చొప్పున వదిలే అమరికలో ఒక రకం) కనిపెట్టాడు కాబట్టి, అని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. లెక్క వేసి చూస్తే అసలు పని జరిగింది వేరేచోట అని తెలుస్తుంది. ఆ లెక్కే అర్థమైతే, ఒక గడియారాల పనివాడు చివరికి సంవర్గమానాల (లాగరిథమ్‌ల) పట్టిక దాకా ఎందుకు వెళ్ళాడో కూడా అర్థమవుతుంది.

బ్యూర్గీ 1552 ఫిబ్రవరి 28న లిక్టెన్‌స్టైగ్‌లో పుట్టాడు. స్విట్జర్లాండ్ తూర్పు భాగంలో, టోగెన్‌బుర్గ్ లోయలోని చిన్న పట్టణం అది. పెద్ద చదువు లేదు. లాటిన్ రాదు. అప్పట్లో లాటిన్ రాకపోవడం అంటే శాస్త్ర గ్రంథాలన్నీ మూసి ఉన్నట్టే. 1579 జూలైలో కాసెల్ కొలువులో చేరాడు. విల్హెల్మ్ ఊరికే సరదాకి నక్షత్రాలు చూసే రాజు కాదు. తన కోటలోనే పరికరాలు పెట్టించి, నక్షత్రాల స్థానాలన్నీ కొత్తగా కొలిపించే పని పెట్టుకున్నాడు. ఆ పనికి క్రిస్టోఫ్ రోట్‌మన్ గణితం చూసేవాడు, బ్యూర్గీ పరికరాలు చేసేవాడు. బ్యూర్గీకి ఏ అవసరం వచ్చినా ఆ పరిశీలన గదిలోంచే వచ్చింది.

బలం మారితే కాలం మారుతుంది

అప్పటి గడియారంలో కాలాన్ని కొలిచే భాగం ఫోలియట్. నిలువు ఇరుసు మీద అడ్డంగా బిగించిన కడ్డీ అది, రెండు కొసల్లో చిన్న బరువులు ఉంటాయి. ఇరుసుకు రెండు రేకులు ఉంటాయి. కిరీటంలా నిలబడ్డ పళ్ళ చక్రం (ఎస్కేప్ చక్రం) ఒక రేకును తోస్తే కడ్డీ ఒక వైపు తిరుగుతుంది. ఆ పన్ను జారగానే ఎదురుగా ఉన్న పన్ను రెండో రేకుకు తగిలి కడ్డీని వెనక్కి తోస్తుంది. ఇలా తోపులాట మీదే గడియారం నడుస్తుంది.

ఇందులో లోపం ఒకటే, కానీ అది మూలంలోనే ఉంది. లోలకాన్ని భూమ్యాకర్షణ మధ్యకు లాగుతుంది, అందుకే దానికంటూ ఒక ఊపు కాలం ఉంటుంది. ఫోలియట్‌ను మధ్యకు లాగేది ఏదీ లేదు. చక్రం ఎంత బలంగా తోస్తే అంత వేగంగా తిరుగుతుంది, అంతే. స్థూలంగా చెప్పాలంటే ఒక ఊపుకు పట్టే సమయం, తోసే బలం వర్గమూలానికి విలోమంగా మారుతుంది. బలం 1 శాతం తగ్గితే ఊపు సమయం అర శాతం పెరుగుతుంది. రోజులో 86,400 సెకన్లు. అందులో అర శాతం అంటే 432 సెకన్లు, ఏడు నిమిషాల పైచిలుకు. బలంలో 2 శాతం తేడా వచ్చిందంటే రోజుకు పావుగంట పోయినట్టే. ఆనాటి గడియారాలు పావుగంట తప్పాయంటే వాటి పనివాళ్ళు చేతకానివాళ్ళని కాదు. 2 శాతం లోపల బలాన్ని నిలపగలిగారంటే వాళ్ళు నిజంగా మంచి పనివాళ్ళు.

ఇదే లెక్కను తిరగేస్తే బ్యూర్గీ ముందున్న సమస్య కనబడుతుంది. రోజుకు 60 సెకన్ల లోపు తేడా కావాలంటే ఊపు సమయం 1,440లో ఒక వంతుకు మించి మారకూడదు. బలం సుమారు 720లో ఒక వంతుకు మించి మారకూడదు. కీ ఇచ్చిన స్ప్రింగ్ నిండుగా ఉన్నప్పుడు ఎక్కువ బలంతో లాగుతుంది, విప్పుకుపోయేకొద్దీ బలం తగ్గుతుంది. దీన్ని సరిచేయడానికి శంఖాకారపు కప్పీ మీద తాడు చుట్టే ఫ్యూజీ అనే అమరిక అప్పటికే ఉంది. బరువు కట్టి నడిపితే ఆ బాధ కూడా ఉండదు. కానీ రెండింటికీ తీరని చిక్కు ఒకటి ఉంది. బలం మూడు నాలుగు చక్రాల గుండా వస్తుంది. పంటి పంటికీ రాపిడి మారుతుంది, ఇరుసు రంధ్రంలో నూనె చలికి చిక్కబడుతుంది, దుమ్ము చేరుతుంది. మొదట్లో ఎంత సమంగా బయలుదేరినా, ఎస్కేప్ చక్రం దగ్గరికి వచ్చేసరికి ఆ బలం హెచ్చుతగ్గులు పడుతుంది.

1584 ప్రాంతంలో బ్యూర్గీ చేసిన క్రాస్-బీట్ అమరికలో ఒక కడ్డీకి బదులు రెండు ఉంటాయి. రెండు ఇరుసులు పక్కపక్కన నిలబడతాయి, ఒక్కోదానికి ఒక్కో రేకు. రెండు ఇరుసులనూ పళ్ళతో కలిపేస్తాడు. అందువల్ల ఒకటి కుడికి తిరిగితే రెండోది ఎడమకు తిరుగుతుంది. చక్రం మొదటి రేకును తోసి వదలగానే రెండో రేకు పంటికి అడ్డం వస్తుంది. దీనివల్ల లాభం ఉంది. గడియారం పెట్టెకు కుదుపు తగిలి ఒక కడ్డీ ముందుకు ఒరిగితే రెండోది అదే మేరకు ఆ ఒరుగును అడ్డుకుంటుంది. కానీ ఈ రెండు కడ్డీలకు కూడా సొంత ఊపు కాలం లేదు. వీటిని కూడా మధ్యకు లాగేది ఏదీ లేదు. పైగా రెండు ఇరుసులను కలిపే పళ్ళలో కాస్త సందు ఉన్నా, ఒక రేకు లోతుగానూ ఇంకోటి పైపైనా తగులుతుంది. అప్పుడు టిక్కుకీ టక్కుకీ మధ్య తేడా వస్తుంది. సందు లేకుండా బిగిస్తే రాపిడి పెరుగుతుంది. కాబట్టి క్రాస్-బీట్ ఒక్కటే నిమిషం లోపు కచ్చితత్వం ఇవ్వలేదు.

అది ఇచ్చింది రెమాంట్వార్. ఇందులో ఆలోచన చాలా సూటిగా ఉంటుంది: పెద్ద స్ప్రింగ్ బలాన్ని ఎస్కేప్ చక్రం దాకా రానివ్వకూడదు. ఎస్కేప్ చక్రం పక్కనే ఒక చిన్న బరువు వేలాడదీసి, ఆ చక్రాన్ని నడిపే పని దానికి అప్పగిస్తారు. బరువు కొంత దిగగానే ఒక మీట జారి, చక్రాల వరుసను వదులుతుంది. పెద్ద స్ప్రింగ్ వచ్చి ఆ చిన్న బరువును మళ్ళీ పైకెత్తి ఆగిపోతుంది. పెద్ద స్ప్రింగ్‌కు ఇక బరువు ఎత్తడం ఒక్కటే పని. అది నిండుగా ఉన్నా, సగం విప్పుకున్నా, మధ్య చక్రాల్లో నూనె గడ్డకట్టినా, బరువును ఎత్తగలిగినంత వరకు ఎస్కేప్ చక్రానికి తెలిసేది ఆ చిన్న బరువు ఒక్కటే. ఆ బరువు పొద్దున ఎంతో సాయంత్రమూ అంతే.

చెప్పినంత తేలిక కాదు చేయడం. మీటను జార్చడానికి కావలసిన కాస్త బలం కూడా చిన్న బరువే ఇవ్వాలి. మీట మీద రాపిడి ఎక్కువైతే ప్రతి విడుదల దగ్గరా గడియారం కొద్దిగా మందగిస్తుంది. బరువును ఎత్తే క్షణంలో ఎస్కేప్ చక్రానికి తోపు తగ్గకుండా అమరిక కుదరాలి, లేకపోతే ఎత్తిన ప్రతిసారీ ఒకటి రెండు ఊపులు బలహీనపడతాయి. మీట గట్టిగా పట్టుకోకపోతే ఒకసారి ఎత్తాల్సింది రెండుసార్లు ఎత్తేసి వరుస జారిపోతుంది. ఇవన్నీ దాటాలంటే ఆకురాయి పట్టిన చేతికి అసాధారణమైన నిదానం ఉండాలి. బ్యూర్గీ చక్రాల పళ్ళు చూసినవాళ్ళెవరికైనా ఆ నిదానం కనబడుతుంది. అతని పేరు పక్కన క్రాస్-బీట్ కన్నా ముందు రెమాంట్వార్‌నే రాయాలి.

సెకను ఎందుకు కావలసి వచ్చింది

భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. నిమిషానికి 15 నిమిషాల కోణం, సెకనుకు 15 సెకన్ల కోణం. ఒక నక్షత్రం సరిగ్గా మధ్యాహ్న రేఖను (నడినెత్తి మీదుగా ఉత్తర దక్షిణాలను కలిపే రేఖను) దాటే క్షణంలో గడియారం చూసి, మరో నక్షత్రం అదే రేఖను దాటినప్పుడు మళ్ళీ చూస్తే, ఆ రెండు సమయాల తేడాను 15తో గుణించడమే పని. రెండు నక్షత్రాల మధ్య తూర్పు-పడమర దూరం వచ్చేస్తుంది. నక్షత్రం ఎంత ఎత్తున ఉందో క్వాడ్రంట్‌తో కొలిస్తే రెండో కొలత కూడా దొరుకుతుంది.

గడియారం ఒక్క నిమిషం తప్పితే నక్షత్రం చందమామ బింబంలో సగం మేర పక్కకు జరిగినట్టు లెక్క. అందుకే టైకో బ్రాహే గడియారాలను వాడి చూసి, నమ్మలేక, కోణాలను నేరుగా కొలిచే పెద్ద పరికరాల మీదే ఆధారపడ్డాడు. కాసెల్‌లో పరిస్థితి వేరు. రోజుకు నిమిషం తప్పే గడియారం రెండు గంటల్లో తప్పేది 5 సెకన్లు. అంటే ఆకాశంలో ఒకటింబావు నిమిషాల కోణం. దుర్భిణి పుట్టకముందు, వట్టి కంటితో చూసేవాళ్ళకు అంతకన్నా మెరుగు ఆశించడం కష్టం. సుమారు 380 నక్షత్రాలతో 1587లో కాసెల్ పట్టిక తయారవడానికి ఈ గడియారాలు ఆధారమయ్యాయి.

బ్యూర్గీ చేసిన యాంత్రిక ఖగోళ గోళాలు దేవాలయ దీపస్తంభాల్లా చూడ్డానికే అందంగా ఉంటాయి, కానీ వాటి విలువ లోపలి చక్రాల్లో ఉంది. 1594 నాటి గోళం జ్యూరిచ్‌లోని స్విస్ జాతీయ మ్యూజియంలో ఉంది. దాని వ్యాసం 14 సెంటీమీటర్లకు కాస్త పైన. గుప్పిళ్ళలో పట్టే ఆ బంతి లోపలే యంత్రమంతా ఇమిడి ఉంది. నక్షత్రాలు చెక్కిన గోళం 23 గంటల 56 నిమిషాల నక్షత్ర దినానికి ఒకసారి తిరగాలి, సూర్యుడి గుర్తు 24 గంటలకు ఒకసారి తిరగాలి. ఈ నాలుగు నిమిషాల తేడాను పళ్ళ సంఖ్యలతోనే రాబట్టాలి. కాసెల్‌లో చేసిన మరో గడియారంలో చంద్రుడి నడకలో వేగం హెచ్చుతగ్గులను కూడా చక్రాలతో చూపించాడు. వీటితో పాటు కీలు జరుపుకునే ప్రపోర్షన్ కంపాస్, దూరాలు కొలిచే త్రిభుజ పరికరం కూడా అతని చేతి పనే.

గుణకారం అనే కొండ

కొలతలు మెరుగైతే లెక్కలు పెరుగుతాయి. ఆకాశంలో కొలిచిన కోణాలను నక్షత్ర స్థానాలుగా మార్చాలంటే గోళ త్రికోణమితి కావాలి, అంటే ఏడెనిమిది అంకెల సంఖ్యలను రోజంతా గుణించాలి. 1584లో కాసెల్ వచ్చిన పాల్ విట్టిష్ ఒక ఉపాయం తెచ్చాడు. గుణించాల్సిన రెండు సంఖ్యలను రెండు కోణాల కొసైన్లుగా భావించి, ఆ కోణాల మొత్తానికీ తేడాకూ కొసైన్లు పట్టికలో చూసి, రెండూ కలిపి సగం చేస్తే లబ్ధం వస్తుంది. గుణకారం కూడికగా మారిపోతుంది. ఈ పద్ధతికి బ్యూర్గీ నిరూపణ కనిపెట్టాడు. అయితే ఉపాయం ఎంత మంచిదైనా పట్టిక ఎంత కచ్చితంగా ఉంటే ఫలితం అంతే కచ్చితంగా ఉంటుంది. కాబట్టి మంచి సైన్ పట్టిక కావాలి.

ఇక్కడే బ్యూర్గీ బుర్ర ఎలా పనిచేసేదో దగ్గరగా చూడొచ్చు. 1592లో పవిత్ర రోమన్ చక్రవర్తి రెండో రుడాల్ఫ్‌కు సమర్పించిన రాతప్రతిలో అతను వాడిన పద్ధతికి కున్‌స్ట్‌వేగ్ అని పేరు. ఆ ప్రతిలో 90 డిగ్రీలను తొమ్మిది భాగాలు చేశాడు. ఇక్కడ మూడు భాగాలు చాలు: 30, 60, 90 డిగ్రీలు. సైన్ విలువలు ఊహించి పై నుంచి కిందికి ఏవో మూడు సంఖ్యలు రాద్దాం: 1, 2, 2. అడుగు సంఖ్యను సగం చేస్తే 1. దానికి పై సంఖ్య 2 కలిపితే 3, దానికి ఆ పై 1 కలిపితే 4. ఇప్పుడు పై నుంచి కిందికి కూడుతూ రావాలి: 4, తర్వాత 4, 3 కలిపి 7, తర్వాత 1 కలిపి 8. కొత్త వరుస 4, 7, 8. మళ్ళీ అదే పని చేస్తే 15, 26, 30. ఇంకోసారి చేస్తే 56, 97, 112.

ప్రతి వరుసలో పైవాటిని అడుగు సంఖ్యతో భాగించి చూడండి. 30 డిగ్రీల సైన్ 0.5 సరిగ్గా వచ్చేసింది. 60 డిగ్రీలకు 7/8 అంటే 0.875, తర్వాత 26/30 అంటే 0.8667, తర్వాత 97/112 అంటే 0.86607. అసలు విలువ 0.86603. మూడు సార్లు కూడితే నాలుగో దశాంశం దాకా వచ్చాం. వర్గమూలం తీయలేదు, గుణకారం చేయలేదు, జ్యామితి బొమ్మ గీయలేదు. సైన్ విలువల తేడాలకు తేడాలు తీస్తే మళ్ళీ సైన్ నిష్పత్తిలోనే వస్తాయి. ఆ సంగతిని తిరగేసి రెండుసార్లు కూడడమే ఈ పద్ధతి.

పని చేసుకునేవాడి వైపు నుంచి చూస్తే ఇందులో ఇంకో మేలుంది. మొదటి సంఖ్యలు ఏవైనా ఫలితం అక్కడికే చేరుతుంది కనుక, మధ్యలో ఎక్కడో కూడిక తప్పినా పని పాడవదు. మరో రెండు వరుసలు ఎక్కువ వేస్తే ఆ తప్పు కరిగిపోతుంది. చివరి వరుసలు మాత్రం జాగ్రత్తగా చేస్తే చాలు. చేత్తో లెక్క వేసే కాలంలో ఇంతటి వరం ఇంకేముంటుంది?

ప్రాగ్, ఎర్ర సంఖ్యలు, నల్ల సంఖ్యలు

1604 చివర్లో బ్యూర్గీ ప్రాగ్ వెళ్ళి రుడాల్ఫ్ చక్రవర్తి గడియారాల పనివాడయ్యాడు. అక్కడ ఖగోళ శాస్త్రజ్ఞుడు జోహాన్నెస్ కెప్లర్ తోడయ్యాడు. భాషలు రాకపోయినా గణితంలో ఇతను చాలామంది ఆచార్యులను మించినవాడనీ, చిత్రకళలో డ్యూరర్‌కు ఉన్నంత పేరు రాబోయే తరాల్లో ఇతనికి ఈ పనిలో వస్తుందనీ కెప్లర్ రాశాడు. కాసెల్‌లో ఉండగా కోపర్నికస్ గ్రంథాన్ని ఉర్సుస్ అనే గణితజ్ఞుడు బ్యూర్గీ కోసమే జర్మన్‌లోకి అనువదించి పెట్టాడు. లాటిన్ రాని లోటును ఇలా స్నేహితులు తీరుస్తూ వచ్చారు.

కొసైన్ ఉపాయం ఒక లబ్ధానికి పనికొస్తుంది కానీ భాగహారాలు, మూలాలు వస్తే ఇబ్బంది పెడుతుంది. దానికి బ్యూర్గీ కనిపెట్టిన మార్గం 1620లో ప్రాగ్‌లో అచ్చయింది. అందులో ఎర్ర సంఖ్యలు 0, 10, 20, 30 అని సమంగా పెరుగుతాయి. వాటి పక్కన నల్ల సంఖ్యలు 100000000తో మొదలై, ప్రతిదీ ముందుదానికన్నా పదివేలలో ఒక వంతు ఎక్కువగా పెరుగుతాయి: 100010000, 100020001, 100030003, ఇలా. పదివేలలో ఒక వంతు కలపడానికి గుణకారం అక్కర్లేదు. అదే సంఖ్యను నాలుగు స్థానాలు కుడికి జరిపి కింద రాసి కూడితే సరి. నల్ల సంఖ్య పది రెట్లయ్యేదాకా ఇలా 23 వేల పైచిలుకు కూడికలు. పట్టిక 58 పేజీలు.

వాడటం ఎలాగంటే, నల్లని 2 (అంటే 200000000) పక్కన ఎర్ర సంఖ్య 69318.18, నల్లని 3 పక్కన 109866.72. రెండూ కూడితే 179184.90. దాని ఎదురుగా ఉన్న నల్ల సంఖ్య 6. మన ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో లాగ్ టేబుళ్ళు తిరగేసినవాళ్ళకు ఇది తెలిసిన పనే. నిజానికి ఇది యాంటీలాగ్ పట్టిక.

కున్‌స్ట్‌వేగ్‌లో ఉన్న సౌకర్యం మాత్రం ఇక్కడ లేదు. ఒక వరుసలో తప్పు పడితే ఆ తర్వాతి వేల వరుసలన్నీ అదే నిష్పత్తిలో తప్పుతాయి. ప్రతి కూడికలో చివరి అంకెను సరిపెట్టే చిన్న తేడాలు కూడా పోగుపడతాయి. అయినా పది రెట్లకు సమానమైన ఎర్ర సంఖ్యను బ్యూర్గీ 230270.022 అని ఇచ్చాడు. ఇప్పటి కంప్యూటర్‌తో చూసినా చివరి అంకె దాకా సరిపోతుంది. నిరూపణలకన్నా ఇదే అతని చేతి నిలకడకు గట్టి సాక్ష్యం.

అయితే స్కాట్లండ్‌లో జాన్ నేపియర్ సంవర్గమానాలను 1614లోనే ప్రచురించాడు. తన పట్టికను బ్యూర్గీ అంతకు చాలా ముందే వేసుకున్నాడని అతని బావమరిది, శిష్యుడు బెంజమిన్ బ్రామర్ 1630లో రాశాడు. 1627లో కెప్లర్ ఇంకా కటువుగా అన్నాడు: ఇతను పనులు నానబెట్టే మనిషి, తన రహస్యాలను దాచుకునేవాడు, పుట్టిన బిడ్డను లోకం కోసం పెంచకుండా పురిట్లోనే వదిలేశాడని. ఆ కోపంలో న్యాయం ఉంది. ప్రాగ్ పరిశీలకులకు రోజూ కావలసిన పనిముట్టు అదే ఊళ్ళో ఒకరి పెట్టెలో ఏళ్ళ తరబడి ఉండిపోయింది. చివరికి అచ్చయినప్పుడైనా సూత్రాలు వివరించే భాగం లేకుండా వచ్చింది. ఎర్ర సంఖ్యలు, నల్ల సంఖ్యలు చేతికిచ్చి వాడే పద్ధతి చెప్పకపోతే ఎవరు వాడతారు? పైగా అదే ఏడాది నవంబర్ 8న ప్రాగ్ పక్కన శ్వేతగిరి యుద్ధం జరిగింది, ముప్పై ఏళ్ళ యుద్ధం ఊరిని చుట్టుకుంది. ఎవరు ముందు ఆలోచించారనేది ఎలా ఉన్నా, సంవర్గమానాలు లోకానికి అందింది నేపియర్ వల్లే. పేరు అతనికి దక్కడం సబబే.

బ్యూర్గీ కాసెల్ తిరిగొచ్చి 1632 జనవరి 31న అక్కడే చనిపోయాడు. పట్టికకు రాసుకున్న వివరణ చేతిరాత ప్రతిగా ఒక కాపీతో పాటు డాంజిగ్‌లో (ఇప్పటి పోలెండ్‌లోని గ్దాన్స్క్) మిగిలింది, 1856లో గాని అచ్చుకు రాలేదు. సైన్ పద్ధతి ఉన్న 1592 రాతప్రతి పోలెండ్‌లోని వ్రోత్స్వాఫ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉందని గణిత చరిత్రకారుడు మెన్సో ఫోల్కెర్ట్స్ గుర్తించాడు. ఆ పద్ధతి ఎప్పుడూ సరైన విలువకే చేరుతుందనడానికి పూర్తి నిరూపణ 21వ శతాబ్దంలో వచ్చింది.